6 ఏళ్లు, 14 బొమ్మలు: కానుకగా ఇచ్చే పెంపుడు జంతువుల చిత్రాలకి అక్రిలిక్ పనికొస్తుందా?

నేను అక్రిలిక్ (నీళ్లతో పలుచన చేసుకునే, త్వరగా ఆరే రంగులు) పట్టుకోవడానికి కారణం మా పిన్ని వాళ్లు పెంచుకున్న టైగర్. అప్పటికి అది పోయి రెండు నెలలైంది, దాని బొమ్మ ఇద్దామనుకున్న పిన్ని పుట్టినరోజుకి తొమ్మిది రోజులే ఉంది. ఆయిల్ రంగులైతే తాకగలిగేలా ఆరడానికే రోజులు పడుతుంది. మామూలు వార్నిష్ వేయాలంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమంటారు. అంత టైము లేక అక్రిలిక్ ట్యూబులు కొన్నాను. అప్పట్నుంచి కుక్కలు, పిల్లులు, ఒక చిలుక కలిపి 14 బొమ్మలు వేసి అయినవాళ్లకి ఇచ్చాను. ఇప్పటికీ ఇవే వాడుతున్నాను.

పలుచగా వేసిన పొర పది, ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. బొచ్చు వేసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? అడుగున ముదురు రంగు, దాని మీద అసలు రంగు, ఆ పైన వెలుతురు తగిలే లేత వెంట్రుకలు. బొచ్చంటే ఈ పొరలే. ఆరిన అక్రిలిక్ మళ్లీ నీళ్లకి కరగదు. కాబట్టి పైన వేసిన గీత నచ్చకపోతే తడి గుడ్డతో వెంటనే తుడిచేయొచ్చు, కింద పొర చెక్కుచెదరదు. ఆ ధైర్యంతోనే నేను నేర్చుకున్నాను.

ఇబ్బంది పెట్టేది రంగు మారడం. తడిగా ఉన్నప్పుడు ఇందులోని బైండర్, అంటే రంగుపొడిని పట్టి ఉంచే జిగురు, పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక తేటపడుతుంది. దాంతో రంగు కాస్త ముదురుతుంది. తేనె రంగు కుక్క ఒకదానికి చెవి సగం ఇవాళ, సగం రేపు వేశాను. రెండో సగం ఎంత కలిపినా అతుకు వేసినట్టే కనిపించింది, చివరికి చెవి మొత్తం మళ్లీ వేశాను. ఇప్పుడు కలిపిన రంగుని చిన్న కాగితం ముక్క మీద రాసి, ఆరనిచ్చి, బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాకే బ్రష్ పెడతాను. ముఖ్యమైన రంగు ఏదైనా ఎక్కువే కలిపి, గట్టి మూతున్న డబ్బాలో దాచుకుంటాను.

నల్ల ట్యూబు దాదాపు వాడను. నల్ల కుక్కని నేరుగా నలుపుతో వేస్తే బొమ్మలో బొరియ పడ్డట్టు ఉంటుంది. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ అంబర్ కలిపితే చక్కటి నలుపు వస్తుంది. ఆకాశం వెలుతురు పడే వీపు మీద నీలం పాలు పెంచాలి, ఎండ తగిలే చోట అంబర్. డబ్బు ఒక్క ట్యూబు మీదే పెట్టగలిగితే టైటానియం వైట్ మీద పెట్టండి. స్టూడెంట్ గ్రేడ్ (నేర్చుకునేవాళ్ల కోసం చవగ్గా చేసే) తెలుపులో పిగ్మెంట్, అంటే రంగుపొడి, తక్కువ, ఛాతీ మీద తెల్ల మచ్చ కమ్మడానికి మూడు నాలుగు పూతలు పట్టేది.

ఇక కళ్లు. నేను కళ్లతోనే మొదలుపెడతాను, అవి కుదరకపోతే ముందుకెళ్లను. గోధుమ రంగు కన్ను అంటే గోధుమ రంగు గుండ్రం కాదు. పైరెప్ప నీడ పడి పైభాగం బాగా ముదురుగా ఉంటుంది. పైన మెరుపు చుక్క కుడివైపు ఉంటే, కింద ఎడమవైపు కనుగుడ్డు లోపల్నుంచి వెలిగినట్టు లేతగా ఉంటుంది. ఆ వెలుగు పెట్టగానే బొమ్మ మనల్ని చూడ్డం మొదలుపెడుతుంది. మెరుపు చుక్కకి కూడా స్వచ్ఛమైన తెలుపు కాదు, రవ్వంత నీలం కలవాలి. అక్రిలిక్ బలహీనత బయటపడేది ఇక్కడే. రంగులు ఒకదాంట్లో ఒకటి మెత్తగా కలిసేలోపు ఆరిపోతాయి. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలిపితే కొంచెం టైము దొరుకుతుంది, ఎక్కువైతే పొర జిగురుగా ఉండిపోతుంది. నేను మాత్రం రంగుని పలుచగా, కింద పొర కనిపించేలా చేసే గ్లేజింగ్ మీడియంతో అయిదారు పలుచటి పూతలు వేసి ఆ మెత్తదనం తెస్తాను.

కన్ను కుదరాలంటే ఫొటో బాగుండాలి. ఫ్లాష్ వేస్తే కుక్కలకి, పిల్లులకి కంటి వెనక ఉన్న అద్దం లాంటి పొర వెలుతుర్ని తిప్పికొట్టి కళ్లు పచ్చగా మెరుస్తాయి, అసలు రంగు దొరకదు. కిటికీ వెలుతుర్లో, దాని కంటి ఎత్తుకి కూర్చుని, కాస్త దూరం నుంచి తీసిన ఫొటో అడగండి. మరీ దగ్గర్నుంచి తీస్తే ముక్కు ఉబ్బిపోతుంది.

బ్రష్‌లు త్వరగా పాడవుతాయి. కుచ్చుని పట్టుకునే రేకు అంచులో రంగు ఎండితే ఇక అంతే. సింథటిక్‌వే కొనండి, పని మధ్యలో కడుగుతూ ఉండండి. మీసాలకి సన్నటి పొడుగు కుచ్చు ఉన్న రిగ్గర్ బ్రష్ తప్పనిసరి. రంగు సిరాలా జారాలి, మొదలు నుంచి చివరికి ఒకే లాగుడులో రావాలి.

బొమ్మ పంపేటప్పుడు బబుల్ ర్యాప్ మాత్రం రంగు మీద చుట్టొద్దు. అక్రిలిక్ పొర ఆరాక కూడా వేడికి మెత్తబడుతుంది. నా స్నేహితురాలికి పంపిన పిల్లి బొమ్మ చెంప మీద బుడగల గుండ్రాలు వరసగా అచ్చుపడ్డాయి. అది విప్పుతూ తను నాకు ఫోన్ చేసిన క్షణం ఇప్పటికీ బాధే. ఇప్పుడు ముందు గ్లాసిన్ అనే నున్నటి కాగితం కప్పి, మూలలకి అట్టముక్కలు పెట్టి, వాటి పైనే చుడతాను.

టైగర్ బొమ్మ సంగతి చెప్పలేదు కదా. పిన్ని చాలాసేపు చూసి, "దీని చెవి బాగైపోయిందేమే?" అంది. టైగర్ ఎడమ చెవి కొస చిన్నప్పుడే చిరిగింది. అందంగా ఉంటుందని నేనే దాన్ని నిండుగా వేశాను. వార్నిష్ ఇంకా వేయలేదు, ట్యూబులు బ్యాగులోనే ఉన్నాయి. అక్కడే కూర్చుని బొమ్మ వెనకాల ఉన్న నేపథ్యం రంగుతో చెవి కొసని కోసేసి, చిరుగు అంచున నాలుగు వెంట్రుకలు లాగాను. పిన్ని పక్కనే నిలబడి, "ఇంకొంచెం లోపలికి... ఆ, అక్కడి దాకా" అని చెబుతూ వచ్చింది. ఆరాక చిరిగిన చోట వేలుతో మెల్లగా తడిమి, గోడకి మేకు ఎక్కడ కొట్టాలో చూడ్డానికి లోపలికి వెళ్లింది.