ముక్కు అలర్జీకి ఆక్యుపంక్చర్: ఏడాదిన్నర వాడిన తరువాత

ఉప్పల్‌లో ప్రధాన రహదారి పక్కనే ఉంటున్న నాకు తొమ్మిదేళ్లుగా ఏ కాలమైనా తెల్లవారగానే వరుస తుమ్ములు, రాత్రి ముక్కు దిబ్బడ తప్పేవి కావు. ఇంటి దుమ్ములోని డస్ట్ మైట్ పురుగులే కారణమని చర్మ పరీక్షలో తేలింది. అలర్జీ మాత్ర సిట్రిజిన్ వేసుకుంటే మరునాడంతా మత్తు, ముక్కులో కొట్టుకునే ఫ్లూటికాసోన్ స్ప్రే ఆపితే వారంలోనే మళ్లీ దిబ్బడ; అందుకే ఒంట్లో కొన్ని బిందువుల దగ్గర సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్‌కు సిద్ధపడ్డాను.

మొదట వెళ్లిన చోట సూదుల ప్యాకెట్ ముందే తెరిచి ఉండటంతో వెనక్కి వచ్చేశాను. ఒకసారి వాడి పారేసే సూదులను నా కళ్లముందే సీలు విప్పి తీసిన మరో చోట చికిత్స మొదలుపెట్టాను. ఆరు వారాలు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య హెగు, కనుబొమల నడుమ యిన్‌తాంగ్, మోకాలి కింద జుసాన్‌లీ, ముక్కుపుటాల పక్కన యింగ్‌షియాంగ్ అనే బిందువుల్లో సూదులు గుచ్చేవారు. యింగ్‌షియాంగ్ అంటే చైనా భాషలో సువాసనకు స్వాగతమని అర్థం. అక్కడ గుచ్చినప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగేవి.

మూడు వారాలు ఏ మార్పూ లేదు. అయిదో వారం నుంచి నోరు తెరవకుండా నిద్రపోగలిగాను, వంటింట్లో ఇంగువ పోపు వాసన మళ్లీ తెలిసింది, నెలకు పాతిక దాకా వేసుకునే మాత్రలు తొమ్మిదికి తగ్గాయి. అయితే అదే సమయంలో దుప్పట్లు, దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతకడం కూడా మొదలుపెట్టాను కనుక ఫలితమంతా సూదులదేనని చెప్పలేను. ఇల్లు దులిపిన రోజు తుమ్ములు ఇప్పటికీ వస్తాయి.

మధ్యలో రెండు నెలలు మానేస్తే దిబ్బడ తిరిగొచ్చింది. జర్మనీలో 422 మందిపై జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలోనూ ఉత్తుత్తి సూదులతో పోలిస్తే అసలు చికిత్స పొందినవారికి ఎనిమిది వారాలకు కొంత మేలు కనిపించినా, పదహారు వారాలకు ఆ తేడా మిగలలేదు. వారిది పుప్పొడి వల్ల వచ్చే కాలానుగుణ అలర్జీ, నాది ఏడాది పొడవునా ఉండేది. అయినా చికిత్స ఆపితే మేలు నిలవదన్న విషయం నా అనుభవానికి సరిపోయింది.

ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను, స్ప్రేను డాక్టరు సలహాతో తక్కువ మోతాదులో కొనసాగిస్తున్నాను. ఉబ్బసం ఉన్నవారు దీన్ని నమ్మి ఇన్‌హేలర్ ఆపడం ప్రమాదకరం. సూదులంటే భయపడే మా అమ్మాయి అవే బిందువులను వేలితో నొక్కుకుంటుంది కానీ, ఆ ఉపశమనం పావుగంటకు మించి ఉండటం లేదు.