దావలోస్ వంశం: కాస్టీల్ పద్ధతి, నేపుల్స్ పద్ధతి

1442లో స్పెయిన్ వైపున్న అరగాన్ రాజ్యపు రాజు అల్ఫోన్సో దక్షిణ ఇటలీలోని నేపుల్స్ రాజ్యాన్ని గెలిచాడు. ఆయన వెంట వచ్చిన స్పానిష్ కుటుంబాల్లో దావలోస్ ఒకటి. అక్కడే స్థిరపడడంతో వారి వారసత్వం వేరే చట్టం కిందికి వెళ్లింది.

స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యంలో పెద్దింటివాళ్లు మాయొరాస్గో, అంటే ఆస్తంతా విడిపోకుండా ఒకే వారసుడికి వెళ్లే పద్ధతి, ఏర్పాటు చేసుకునేవారు. 1505 నాటి తోరో చట్టాలు దీనికి గట్టి పునాది వేశాయి. ఆ ఆస్తిని అమ్మకూడదు, పంచకూడదు అనేది నియమం. మామూలుగా పెద్ద కొడుక్కి, కొడుకులు లేకపోతే కూతురికి వెళ్లేది. వంశవృక్షం గీసేవారికి ఇది సుఖం, ఎందుకంటే ఒకే గీత పట్టుకుని పోవచ్చు.

నేపుల్స్‌లో అంత తేలిక కాదు. ఫ్రాంకుల పద్ధతిలో ఉన్న జాగీరు పెద్ద కొడుక్కే వెళ్లేది, లొంబార్డు పద్ధతిలోదైతే కొడుకులంతా పంచుకునేవారు. అందుకే ముందు ఏ జాగీరు ఏ పద్ధతిలో ఉందో చూడాలి. తగిన వారసులు లేకపోతే అది రాజుకే తిరిగిపోయేది.

అయినా నాకు నేపుల్స్ వైపే ఆసక్తి ఎక్కువ. అక్కడ ఆడవాళ్ల పాత్ర బాగా కనిపిస్తుంది. ఇన్యిగో దావలోస్ పెళ్లాడిన అంతోనెల్లా దాక్వినో పెస్కారా జాగీరు వారసురాలు. ఆ పెళ్లితోనే పెస్కారా దావలోస్‌ల చేతికొచ్చింది, ఆమె ఇంటిపేరూ వారి పేరులో చేరింది. వారి మనవడు ఫెర్రాంతే 1525లో పావియా యుద్ధంలో గెలిచి, అదే ఏడాది పిల్లల్లేకుండా చనిపోయాడు. అతని పెస్కారా మార్క్విస్ (ఒక ప్రభువంశ హోదా) బిరుదు, అప్పటికే వాస్తో మార్క్విస్ అయిన దాయాది అల్ఫోన్సో దావలోస్‌కు వెళ్లింది.

తర్వాత తేడా ఇంకా పెరిగింది. 1926లో ఇటలీ బిరుదుల వారసత్వాన్ని మగవారికే పరిమితం చేసింది, 1948 రాజ్యాంగం బిరుదులను గుర్తించడమే మానేసింది. స్పెయిన్‌లో మాత్రం బిరుదులు నేటికీ చట్టబద్ధం. 2006 నుంచి అక్కడ పెద్ద బిడ్డ ఆడపిల్లయినా బిరుదు ఆమెదే.