డెల్టా తేమలో ఆరేళ్లు: టర్న్‌టేబుల్, ముల్లు, వాల్వు ఆంప్లిఫయర్

పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య ఉన్న మా ఊళ్లో, పాత మండువా ఇంట్లో, పాటల ప్లేట్లు మోగించే ఒక డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా తిప్పే) టర్న్‌టేబుల్‌నూ, ఈఎల్34 అనే వాల్వులతో, అంటే శబ్దాన్ని పెంచే గాజు గొట్టాలతో, చేత్తో కట్టించుకున్న పుష్‌పుల్ (వాల్వులు జంటగా పనిచేసే) ఆంప్లిఫయర్‌నూ ఆరేళ్లుగా వాడుతున్నాను. తాతగారి నాటక పద్యాల 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు) ఒక ట్రంకుపెట్టెడు, నేను కొనుక్కున్న ఎల్పీలు (నెమ్మదిగా తిరిగే, సన్నని గాడుల రికార్డులు) ఒక బీరువా నిండా ఉన్నాయి. కొన్న నెలలోనే రాసి ఉంటే ఈ సమీక్షలో వాల్వుల వెలుగును పొగడటం తప్ప మరేమీ ఉండేది కాదు. ఆరేళ్ల తర్వాత మాత్రం ముల్లు గురించీ, కరెంటు గురించీ ఎక్కువగా చెప్పవలసి వస్తోంది.

అమ్మిన దుకాణం వారే కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచి దాని కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) బిగించి ఇచ్చారు గనుక మొదటి ఏడాది నేను దాని జోలికి పోలేదు. ప్లేటు మొదట్లో పాట శుభ్రంగా వినిపించి, లోపలి గాడుల దగ్గరికి వచ్చేసరికి గాయకుడి 'స'కారాలు, 'శ'కారాలు ఇసుక రాలినట్లు వినిపిస్తుంటే ప్లేటే అరిగిపోయిందనుకున్నాను. నిజానికి నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిరిగే ఎల్పీలో బయటి గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగితే, లోపలి గాడి 21 సెంటీమీటర్లే సాగుతుంది. అదే శబ్దం అంత ఇరుకులో ఇమడాలి గనుక, అమరికలోని చిన్న తప్పు కూడా అక్కడే బయటపడుతుంది. కాగితం మీద ముద్రించిన ప్రొట్రాక్టర్ (అమరిక సరిచూసే గీతల పటం) తెచ్చి, మధ్య కడ్డీ నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గరా, 120.9 మిల్లీమీటర్ల దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా నిలిచేదాకా హెడ్‌షెల్ (చేతి చివర కార్ట్రిడ్జ్‌ను పట్టుకునే భాగం) స్క్రూలు వదులు చేసి జరిపితే, అది రెండు మిల్లీమీటర్లు వెనక్కి బిగించి ఉందని తేలింది. ఆ పనికి ఒక మధ్యాహ్నం పట్టింది, రూపాయి ఖర్చు కాలేదు. ఈ ఆరేళ్లలో నేను చేసిన మార్పులన్నింటిలో చెవికి అంత స్పష్టంగా తెలిసినది మరొకటి లేదు.

ముల్లు ప్లేటు మీద మోపే బరువు విషయంలోనూ కౌంటర్ వెయిట్ (చేతి వెనుక కొసన తిప్పే బరువు) మీది అంకెలను నమ్మకూడదని తెలుసుకున్నాను. అంకె 2 గ్రాములు చూపినప్పుడు, నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ త్రాసు 2.3 చూపింది. బరువు ఎక్కువైతే ప్లేటు అరుగుతుందని అందరికీ భయమే గానీ, తక్కువైనప్పుడు ముల్లు గాడిలో కుదురుగా నిలవక గోడలను కొట్టుకుంటూ పోవడం అంతకన్నా హాని చేస్తుంది.

కార్ట్రిడ్జ్ ఆడియో-టెక్నికా వీఎం95. శరీరం ఒకటే ఉంచి ముల్లు మాత్రం మార్చుకునే వీలుండటం నాలాంటి వాడికి పెద్ద సౌకర్యం. ఎలిప్టికల్ (దీర్ఘవృత్తపు మొన గల) ముల్లుకు తయారీదారు చెప్పే ఆయుష్షు 300 గంటలు, మైక్రోలీనియర్ (ఇంకా సన్నని మొన గల) ముల్లుకు 1,000 గంటలు. మొదటిది అరిగాక రెండోదానికి మారాను. ధర హెచ్చే అయినా, గంటల లెక్కన చూస్తే భారం అనిపించలేదు. తాతగారి ప్లేట్లకు మాత్రం వేరే ముల్లు తప్పనిసరి, ఎందుకంటే 78 గాడి ఎల్పీ గాడికన్నా రెండు మూడు రెట్లు వెడల్పు గనుక సన్నముల్లు దాని అడుగున చేరి దుమ్మును చదువుతుందే తప్ప పద్యాన్ని కాదు. వెడల్పు ముల్లు పెట్టి, బరువు 5 గ్రాములకు పెంచాక, హార్మోనియం వెనుక తబలా కూడా ఉందని మా ఇంట్లో వాళ్లకు మొదటిసారి తెలిసింది. ఎల్పీలను తుడిచే స్పిరిట్ కలిపిన ద్రావణాన్ని ఆ లక్క ప్లేట్లకు తగలనివ్వకూడదు, లక్క కరుగుతుంది. వాటికి డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తని గుడ్డ చాలు, అదీ లేబుల్ తడవకుండా.

ఇక వాల్వుల సంగతి. మా చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రిళ్లు ఎక్కువగా తిరుగుతాయి గనుక, రాత్రి పది గంటలకు ఇంట్లో 205 వోల్టులు ఉంటే, మర్నాడు మధ్యాహ్నానికి 245 వోల్టులు ఉంటుంది. ఈ తేడాను పట్టించుకోకుండా ఒక రాత్రి తీరిగ్గా కూర్చుని, వాల్వు క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) దగ్గరి 10 ఓముల రెసిస్టర్ మీద 0.4 వోల్టులు వచ్చేలా, అంటే ఒక్కో వాల్వుకు 40 మిల్లీయాంపులు పారేలా బయాస్ (వాల్వులో నిలకడగా పారే కరెంటు అమరిక) సరిచేశాను. మర్నాడు మధ్యాహ్నం వింటుండగా ఒక వాల్వులోని లోహపు ప్లేటు అంచు ఎర్రబడటం కనిపించి వెంటనే స్విచ్ కట్టేశాను. లెక్క వేస్తే, రాత్రి ఆంప్లిఫయర్ లోపలి 400 వోల్టుల దగ్గర 16 వాట్లు మోసిన ఆ వాల్వు, పగలు వోల్టేజీ పెరగడంతో దాని గరిష్ఠ పరిమితియైన 25 వాట్లకు చేరింది. ముందు వోల్టేజీని మెట్లు మెట్లుగా సరిచేసే ఒక రిలే స్టెబిలైజర్ పెట్టి చూశాను గానీ, అది మెట్టు మారినప్పుడల్లా స్పీకర్లలో 'టక్'మనే శబ్దం వచ్చేది. మోటారుతో మెల్లగా సరిచేసే సర్వో స్టెబిలైజర్ కొన్నాకనే బయాస్ నెలల తరబడి కదలకుండా నిలిచింది. నా దృష్టిలో, ఈ ప్రాంతంలో వాల్వు ఆంప్లిఫయర్ ధరలో స్టెబిలైజర్ ధరను కూడా కలిపి లెక్కించుకోవాలి. బయాస్ పని చేసేవారు ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలి ఉంటాయని గుర్తుంచుకోవాలి. స్పీకర్ తీగ తగిలించకుండా ఆంప్లిఫయర్‌ను మోగించినా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోవచ్చు.

మొదట్లో వేధించిన గుయ్‌మనే మోత, టర్న్‌టేబుల్‌ను ఆంప్లిఫయర్ పక్క నుంచి రెండు అడుగులు జరిపి ఎర్త్ తీగను గట్టిగా బిగించేసరికి పోయింది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్ పట్టేస్తుందని ఆలస్యంగా తెలిసింది.

తేమతో మాత్రం పోరాటం తీరలేదు. ఉప్పుగాలికి హెడ్‌షెల్ పిన్నులు నల్లబడి ఒకవైపు స్పీకర్ మూగబోతుంది. రబ్బరుతో రుద్దితే మళ్లీ మోగుతుంది. వాల్వు సాకెట్లు చిటపటలాడినప్పుడు వాల్వులను, చల్లారిన తర్వాతే సుమా, మెల్లగా ఒకటి రెండుసార్లు ఊడదీసి పెడితే సరిపోతుంది. వానాకాలంలో చెక్క స్టాండు కాళ్లు ఉబ్బి ప్లాటర్ (ప్లేటును తిప్పే పళ్లెం) ఒరుగుతుంది గనుక రసమట్టం దగ్గరే ఉంచుకుంటాను. ప్లాస్టిక్ తొడుగుల్లో ప్లేట్లకు బూజు పడితే వాటిని కాగితం తొడుగుల్లోకి మార్చాను.

శ్రావణ, భాద్రపదాల్లో పాట వినే తీరిక లేకపోయినా, లోపలి తేమ ఆరేందుకు వారానికి రెండుసార్లు ఒక గంట ఆంప్లిఫయర్‌ను వెలిగించి ఉంచుతాను. ఆ వెచ్చదనం కోసం మా ఇంటి బల్లులు కూడా కాచుకుని ఉండేవి; ఒకటి లోపలికి దూరి ఫ్యూజు ఎగరగొట్టిన నాటినుంచి ఆంప్లిఫయర్ మీద ఒక ఇనుప జల్లెడ మూత ఉంటోంది.