కరెంటు అయిపోయాక ఏం కొనాలి, ఏం వదిలేయాలి: పెల్విక్ రేడియేషన్ సామాను మీద రివ్యూ

గర్భసంచి ముఖద్వారం, ప్రోస్టేట్, రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్లకు పొత్తికడుపు కింది భాగంలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నవాళ్ల సంచిలో చేరే సామాను ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. ఓఆర్ఎస్, ఇసబ్‌గోల్, లూజ్ మోషన్ మాత్రలు, సిట్జ్ బాత్ టబ్బు (కమోడ్ మీద పెట్టి గోరువెచ్చటి నీళ్లలో కూర్చునేది), ఏదో ఒక క్రీము, డైపర్లు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చుట్టుపక్కల మెడికల్ షాపుల్లోనూ, కోఠి సర్జికల్ దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ ఇవి దొరుకుతాయి. ఆడవాళ్లకు అన్నిటికంటే అవసరమైన డైలేటర్ (యోని దారి కుంచించుకుపోకుండా లోపల పెట్టుకునే సాధనం) మాత్రం కౌంటర్ మీద కనబడదు. అడగడానికి పేషెంటుకు నోరు రాదు, చెప్పడానికి షాపువాడికీ రాదు.

ముందు ఓఆర్ఎస్. విరేచనాలు సాధారణంగా కరెంటు మొదలైన రెండో, మూడో వారంలో మొదలై, కరెంటు ఆగాక కొన్ని వారాలకు తగ్గుతాయి. దాంతోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకుంటున్న వాళ్ల ఒంట్లో నీళ్లు తగ్గితే దెబ్బ నేరుగా కిడ్నీలకే. కాబట్టి ఇది తప్పకుండా కొనాల్సిందే, కానీ పొడి ప్యాకెట్టే కొనండి. ప్యాకెట్ వెనక డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉండాలి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ఆపిల్, ఆరెంజ్ రుచుల్లో అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఇది కాదు. వాటిలోని ఎక్కువ చక్కెర పేగులోకి నీళ్లు లాగి మోషన్స్‌ని పెంచుతుంది. అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఇక కలపడంలో జరిగే పొరపాటు: లీటరు ప్యాకెట్‌ని ఒక గ్లాసులో కలిపేయడం. అది ఉప్పు నీళ్లకంటే ఘోరం. పెద్ద ప్యాకెట్టుకు లీటరు నీళ్లు, చిన్నదానికి 200 మిల్లీలీటర్లు. కొలత ప్యాకెట్ మీదే ఉంటుంది, చూసి కలపండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

మాత్రల్లో లోపెరమైడ్ 2 మిల్లీగ్రాములది మంచి మందు, చవక, జన్ ఔషధి షాపుల్లో ఇంకా చవక. అన్నం తిన్నాక పరుగెత్తేవాళ్లు తినడానికి అరగంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. తిన్నాక వేసుకుంటే అప్పటికే పేగు కదలిక మొదలైపోయి ఉంటుంది. రోజుకు ఎన్ని అన్నది డాక్టరే చెప్పాలి. జ్వరం ఉన్నా, మలంలో రక్తం ఉన్నా, కడుపు ఉబ్బి గట్టిపడినా వేసుకోవద్దు. షాపులో లూజ్ మోషన్స్ అనగానే ఓఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ అనే క్రిములను చంపే మాత్ర చేతిలో పెడతారు, తీసుకోకండి. ఇది క్రిముల వల్ల వచ్చింది కాదు, కరెంటుకు పేగు లోపలి పొర ఒలిచిపోయి వచ్చింది. ఆ మాత్ర వల్ల నోరు చేదెక్కడమే మిగులుతుంది.

ఇసబ్‌గోల్ మలబద్ధకం మందే కదా, లూజ్ మోషన్స్‌కి ఎందుకంటారు చాలామంది. నీళ్లను పీల్చుకుని మలాన్ని ముద్ద చేస్తుంది కాబట్టి రెంటికీ పనికొస్తుంది. రోజుకు ఒక టీస్పూనుతో మొదలుపెట్టి నాలుగైదు రోజులు చూడండి. ఒకేసారి రెండు మూడు స్పూన్లు వేస్తే గ్యాస్ పట్టి, ఇది మనకు పడదని అక్కడితో మానేస్తారు. వేరే మాత్రలకూ దీనికీ మధ్య కనీసం గంట, రెండు గంటల ఎడం ఉండాలి. తిండి విషయం క్లుప్తంగా: పాలు కొంతకాలం పడకపోవచ్చు, పెరుగు, పల్చటి మజ్జిగ చాలామందికి పడతాయి. ఇరానీ చాయ్‌లో పాలూ ఉన్నాయి, కెఫీనూ ఉంది. పేగుకూ మూత్రాశయానికీ రెంటికీ అది చెరుపే. మూత్రం మాటిమాటికీ వస్తోందని నీళ్లు తగ్గించడం ఇంకో పొరపాటు, చిక్కబడిన మూత్రం మరింత మండిస్తుంది. మంటకు షాపులో ఇచ్చే సిరప్ కాస్త హాయినిస్తుంది అంతే. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు యూరిన్ కల్చర్ చేయించండి.

సిట్జ్ టబ్బు ఐదారు వందల లోపే వస్తుంది, ఆ డబ్బుకు న్యాయం చేస్తుంది. కానీ అన్ని కమోడ్లకూ కూర్చోదు. గుండ్రటి టబ్బు చతురస్రం మూతి కమోడ్ మీద ఊగుతుంది. కొనేముందు ఇంట్లో కమోడ్ అంచు వెడల్పు కొలుచుకుని వెళ్లండి, నీళ్లు పోయకముందే చేత్తో నొక్కి చూడండి. వెనక అంచులో ఉన్న కన్నాలు నీళ్లు పొంగకుండా పోవడానికి, వాటిని మూయొద్దు. దాంతో వచ్చే సంచి, గొట్టం జాయింట్ దగ్గర కారుతుంటాయి, పక్కన పడేసి మగ్గుతో పోసుకోవడమే మేలు. ఇండియన్ లెట్రిన్ ఉన్న ఇళ్లలో ఇది దండగ. వెడల్పాటి బేసిన్‌ని స్టూలు మీద పెట్టి వాడుకోవచ్చు, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నీళ్లు గోరువెచ్చగా, పసిపిల్లలకు పోసేంత వేడి. వేడి ఎక్కువైతే హాయి ఎక్కువనుకుంటారు గానీ కరెంటు తగిలిన చర్మం మామూలు చర్మంలా తట్టుకోదు. పది, పదిహేను నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. డెట్టాల్, పటిక, పసుపు ఏవీ కలపొద్దు. తర్వాత మెత్తటి కాటన్ గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. చర్మం ఊడి తడిగా ఉన్న దశలో మాత్రం రేడియేషన్ విభాగం నర్సుకు చూపించాకే కూర్చోండి.

క్రీముల మీద పెద్దగా చెప్పేదేం లేదు. మాటిమాటికీ మోషన్‌తో ఒరుసుకుపోయిన చోట జింక్ ఆక్సైడ్ ఉన్న బారియర్ క్రీము సన్నగా రాస్తే చాలు. కరెంటు ఇంకా నడుస్తుంటే ఆ రోజు సిట్టింగ్‌కి ముందు మందంగా పూయకూడదు. టాల్కం పౌడరు వద్దు, చెమటతో కలిసి గట్టిపడి ఒరుస్తుంది. డైపర్లు ప్రయాణానికి సరే, మే నెలలో ఇంట్లో పొద్దస్తమానం వేసుకుంటే చర్మం ఇంకా చెడుతుంది.

ఇప్పుడు డైలేటర్. కరెంటు తర్వాత యోని గోడలు ఎండి, ఒకదానికొకటి అంటుకుని, నెమ్మదిగా కుంచించుకుపోతాయి. మొదటి నెలల్లో ఆ అంటులు పల్చటి పొరల్లా ఉంటాయి, తర్వాత గట్టి మచ్చలా బిగుస్తాయి. భర్త లేనివాళ్లకూ, వయసు మళ్లినవాళ్లకూ ఇదెందుకని ఇంట్లోవాళ్లే కాదు, కొన్నిచోట్ల సిబ్బందీ చెప్పడం మానేస్తారు. ఇది సంసారానికి మాత్రమే కాదు. దారి మూసుకుపోతే ఫాలోఅప్‌లో డాక్టరు లోపలికి చూడలేరు, జబ్బు తిరిగి వచ్చిందా లేదా తెలుసుకోవడం కష్టమవుతుంది. దీని మీద గట్టి పరిశోధన తక్కువేనన్నది నిజం. అయినా జాగ్రత్తగా వాడితే నష్టం తక్కువ గనుకే క్యాన్సర్ కేంద్రాలు దీన్ని సూచిస్తాయి.

నాలుగైదు సైజుల సెట్టే కొనండి. ఒక్కటే సైజు కొంటే చాలామంది మొదట్లోనే వదిలేస్తారు. గట్టి ప్లాస్టిక్‌ది చవక, కడగడం తేలిక. అంచుల్లో అచ్చు గీత చేతికి తగిలితే తిరిగి ఇచ్చేయండి, అదే లోపల గీరుతుంది. సిలికాన్‌ది మెత్తగా ఉంటుంది, నొప్పికి భయపడేవాళ్లకు అదే నయం. దేనితోనైనా నీళ్ల ఆధారంగా తయారైన జెల్లీ వాడండి. జెల్లీ అనగానే షాపులో లిగ్నోకైన్ ఉన్న ట్యూబు ఇచ్చేస్తుంటారు, పేరు చదివి తీసుకోండి. అది తిమ్మిరెక్కిస్తుంది కాబట్టి గాయమైనా తెలియదు. కొబ్బరి నూనె కండోమ్‌ని పాడుచేస్తుంది.

మొదలుపెట్టేది కరెంటు అయిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య, డాక్టరు లోపల పరీక్ష చేసి సరేనన్నాకే. కరెంటు నడుస్తుండగా వద్దు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, అన్నిటికంటే సన్నదానికి జెల్లీ బాగా రాసి, నిటారుగా కాకుండా నడుము వెనక్కి, పరుపు వైపు కాస్త వాలుగా పోనివ్వాలి. బిగిసినచోట ఆగి, ఊపిరి వదిలి, కండరం సడలాక మళ్లీ. నొప్పిని నెట్టుకుంటూ పోవద్దు. ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, మెల్లగా అటూఇటూ తిప్పి తీసేయాలి. వారానికి రెండు మూడుసార్లు. సులువయ్యాక పై సైజుకు. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. కొంచెం రక్తపు మరక పడితే కంగారు లేదు. ధారగా రక్తం వచ్చినా, దుర్వాసనతో స్రావం వచ్చినా, యోని నుంచి మూత్రం గానీ మలం గానీ కారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నెలలు, ఏళ్లు గడిచాక వచ్చేవాటికి షాపులో సరుకు లేదు, అయినా అమ్ముతారు. మలంలో ఎర్ర రక్తం పడితే మొలల క్రీము అంటగడతారు. రేడియేషన్ ప్రాక్టైటిస్ (కరెంటు వల్ల రెక్టమ్ లోపలి పొర దెబ్బతినడం) కావచ్చు, కొత్త జబ్బూ కావచ్చు. గ్యాస్ట్రో డాక్టరుకు చూపించేటప్పుడు కరెంటు పెట్టించుకున్నామని మొదటి మాటగా చెప్పండి, ఎన్ని గ్రే (కరెంటు మోతాదు కొలత) పెట్టారో ఉన్న డిశ్చార్జ్ కాగితం తీసుకెళ్లండి. కరెంటు తగిలిన రెక్టమ్ గోడలో అవసరం లేని బయాప్సీ తీస్తే ఆ పుండు మానకపోవచ్చు, కన్నం పడే ప్రమాదం ఉంది. అన్నం తిన్న వెంటనే పసుపచ్చగా, జిడ్డుగా, ఆపుకోలేని మోషన్ వస్తుంటే చిన్నపేగు చివర పైత్య రసం సరిగా పీల్చుకోవడం లేదేమో అడగండి. దానికి కొలెస్టైరమైన్ పొడి ఉంది, కానీ మిగతా మాత్రలు దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. అదే పేగు భాగం దెబ్బతింటే బీ12 కూడా తగ్గుతుంది, పరీక్ష చేయించండి.

కాలు వాపుకు వేసుకునే కంప్రెషన్ మేజోళ్లు కొనేముందు రెండు సంగతులు. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే ముందు డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీయించండి, రక్తం గడ్డ కావచ్చు. మెల్లగా వచ్చిన వాపును ఇరుగుపొరుగు బోదకాలు అంటారు గానీ, ఇది ఆపరేషన్‌లో లింఫ్ గ్రంథులు తీసేసిన చోట, కరెంటు తగిలిన చోట శోషరస ద్రవం దారి మూసుకుపోయి వచ్చింది. కొలతలు పొద్దున మంచం దిగగానే, వాపు పెరగకముందే చీలమండ, పిక్క, తొడ దగ్గర తీసుకోవాలి. మీడియం, లార్జ్ అని అంచనాతో ఇచ్చేది తీసుకుంటే మోకాలి వెనక ముడతపడి అక్కడే బిగిస్తుంది, వాపు తగ్గకపోగా పాదం వైపు చేరుతుంది.