వంకాయ బొమ్మ అల్లుకునే క్రోషె కిట్ – రెండు బొమ్మలు పూర్తయ్యాక రాస్తున్నా

మా పాపకి వచ్చే నెలకి రెండేళ్ళు నిండుతాయండి. నేను కూర తరుగుతుంటే వచ్చి బుట్టలోంచి వంకాయ తీసుకుని నోట్లో పెట్టేసుకుంటుంది, ముచ్చికకి ముళ్ళుంటాయి కదా, ఒకసారి పెదవికి గుచ్చుకుని ఏడ్చింది కూడా. అందుకే మెత్తటి వంకాయ ఒకటి నా చేత్తో అల్లి ఇద్దామని ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించాను. 649 రూపాయలు, డెలివరీకి విడిగా ఏమీ తీసుకోలేదు, నరసాపురం పక్కన మా ఊరికి ఆరు రోజుల్లో వచ్చింది. కొనాలా వద్దా అని చూసేవాళ్ళకి పనికొస్తుందని మొత్తం వివరంగా చెప్తున్నా.

పెట్టెలో వంకాయ రంగు దారం ఉండ ఒకటి, ఆకుపచ్చది చిన్న ఉండ ఒకటి, 4 ఎంఎం అల్యూమినియం క్రోషె సూది (కొసకి కొక్కెం ఉండేది), ఒక కవర్లో ఫైబర్ దూది, వెనక వాషర్లతో రెండు నల్ల ప్లాస్టిక్ కళ్ళు, అతుకులు కుట్టుకోడానికి మొద్దు సూది, వరస ఎక్కడ మొదలైందో గుర్తుకి తగిలించుకునే పిన్నులు నాలుగు, రెండు పేజీల పేపరు, దాని మీద వీడియోకి క్యూఆర్ కోడ్ ఉన్నాయి. ప్యాకింగ్ బాగుంది, ఎవరికైనా గిఫ్ట్ ఇచ్చినా బాగుంటుంది.

నేను పుట్టింది తణుకు, సూది పట్టుకుంది పెళ్ళయి ఇక్కడికొచ్చాకే. మా అత్తయ్యగారు మాత్రం పదేళ్ళ వయసు నుంచీ లేసు అల్లుతున్నారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం పూట ఏ వీధిలోకి వెళ్ళినా అరుగు మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు కనపడతారు, ఎప్పుడో బ్రిటిష్ వాళ్ళ కాలంలో మిషనరీలు నేర్పిన పని ఇక్కడి చేతుల్లో అలా నిలబడిపోయింది, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఈ ప్రాంతం సరుకే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తు) కూడా వచ్చింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లింది పట్టుకెళ్తాడు, చేతికి వచ్చేది మాత్రం చాలా తక్కువ, అది నాకు ఎప్పుడూ బాధే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఈ కిట్ నేను ఒక్కదాన్నే చూసి ఉంటే మూడో రోజే మూలన పడేసేదాన్ని, అత్తయ్యగారు పక్కన కూర్చోబట్టి దీన్లో ఏది బాగుందో ఏది బాలేదో తెలిసింది.

ముందు పేపరు సంగతి. లెక్క చాలా బాగా ఇచ్చారు, దీనికి మాత్రం పూర్తి మార్కులు. కింది కొస నుంచి మొదలెట్టి మొదటి వరసలో 6 కుట్లు, తర్వాత 12, 18, 24, 30 ఇలా వరసకి ఆరేసి పెంచుకుంటూ పోవాలి, 30 దగ్గర పెంచడం ఆపి తొమ్మిది వరసలు అలాగే తిరగాలి, మళ్ళీ 24, 18, 12 అని తగ్గించుకుంటూ పైకి రావాలి. ఏ వరసకి ఆ వరస కలిపి ముడి వెయ్యక్కర్లేదు, చుట్టూ తిరుగుతూ పోవడమే, అందుకే ఆ పిన్ను ప్రతి వరస మొదటి కుట్టుకి పెట్టుకోకపోతే ఎక్కడున్నామో తెలీదు. నేను మొదటిరోజు పిన్ను పెట్టకుండా మనసులో లెక్కపెట్టుకుంటూ అల్లితే 30 ఉండాల్సింది 33 వచ్చాయి, వంకాయ ఒక పక్కకి వంగిపోయింది.

కానీ పేపరుకీ వీడియోకీ పొంతన లేదండి, ఇది పెద్ద తప్పు. పేపర్లో సింగిల్ క్రోషె అని ఉంది, వీడియోలో ఆవిడేమో డబుల్ క్రోషె అంటుంది. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషె అనే కుట్టునే బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషె అంటారు, కుట్టు ఒకటే, పేర్లే వేరు. ఆ ముక్క ఎక్కడా రాయలేదు. నేను విన్నమాట పట్టుకుని దారం ఒకసారి ఎక్కువ చుట్టి అమెరికా లెక్కలో డబుల్ అల్లుకుంటూ పోయాను, కుట్లన్నీ పొడుగైపోయి వంకాయ కాస్తా వల సంచిలా తయారైంది, రెండు సాయంత్రాలు అల్లింది మొత్తం విప్పేశాను. అత్తయ్యగారికి ఈ పేర్లేమీ తెలీవు, ఆవిడ వీడియో సౌండ్ తీసేయమని చెయ్యి మాత్రం చూసి "ఇది పొట్టి కుట్టమ్మాయ్, ఒక్కసారే లాగు" అన్నారు, అంతే, చిక్కు విడిపోయింది. మీరు కొంటే మీరూ సౌండ్ తీసేసే చూడండి.

ఇంక సూది. 4 ఎంఎం సూది ఈ దారానికి వదులు. దుప్పట్లకీ స్వెటర్లకీ అయితే సరిపోతుంది గానీ లోపల దూది కూరే బొమ్మకి కుట్టు బిగుతుగా ఉండాలి, అందుకే దారం చుట్టూ ఉండే కాగితం మీద రాసిన సైజు కంటే చిన్న సూది వాడతారు. దూది కూరగానే వంకాయ రంగు మీద తెల్ల చుక్కలు చుక్కలుగా బయటికి కనపడ్డాయి, "ఇదేంటమ్మాయ్, ఒళ్ళంతా బెజ్జాలే, లోపల దూది కనపడతంది" అని అత్తయ్యగారు వేలితో నొక్కి చూపించారు. ఆవిడ లేసు సూది వాడదామంటే అది మరీ సన్నం, ఈ లావు దారం కొక్కెంలో పట్టక పోగులు చీలిపోతున్నాయి. చివరికి నరసాపురంలో దారాల కొట్టుకి వెళ్ళి 3 ఎంఎం సూది 40 రూపాయలకి తెచ్చుకున్నాను, దాంతో అల్లింది రాయిలా వచ్చింది, ఒక్క బెజ్జం లేదు. కిట్టులోనే ఇది పెడితే వాళ్ళ సొమ్మేం పోయేది?

మొదలుపెట్టేటప్పుడు ఇంకో తేడా కనపడింది, లేసు వచ్చినవాళ్ళు ఇది తప్పక చదవండి. లేసు పువ్వు మొదలెట్టాలంటే నాలుగైదు గొలుసు కుట్లు వేసి గుండ్రంగా కలిపేస్తారు, మధ్యలో బెజ్జం ఉంటుంది, పువ్వుకి అదే అందం. బొమ్మకి ఆ బెజ్జం పనికిరాదు. మ్యాజిక్ రింగ్ అని వేలికి దారం చుట్టి దాంట్లో ఆరు కుట్లు వేసి కొస పట్టి లాగితే మధ్యలో పూర్తిగా మూసుకుపోతుంది. యాభై ఏళ్ళ నుంచి అల్లుతున్న అత్తయ్యగారికి ఈ రింగ్ కొత్త, నాలుగుసార్లు వేసి విప్పి ఐదోసారి పట్టేశారు, ఆ లాగగానే బెజ్జం మూసుకుపోవడం చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది, ఫోన్ తీసి ఇంకోసారి చూపించమన్నారు.

ఇంకోటి, ఆవిడ అల్లిందీ నేను అల్లిందీ పక్కపక్కన పెడితే కుట్లు వేరుగా ఉన్నాయి. నావి ఇంగ్లీషు వీ అక్షరంలా వరసగా ఉన్నాయి, ఆవిడవి ఇంటూ గుర్తులా అడ్డంగా ఉన్నాయి. చాలాసేపు అర్థం కాలేదు, తర్వాత చేతులు చూస్తే తెలిసింది, నేను దారాన్ని సూది మీదుగా వేసి లాగుతున్నా, ఆవిడ సూదితో దారాన్ని పైనుంచి నొక్కి పట్టి లాగుతున్నారు. ఆవిడ పద్ధతిలో కుట్టు ఇంకా బిగుతుగా, చిన్నగా వస్తుంది, బొమ్మకి అదే మంచిది. రెండో వంకాయ నేనూ అలాగే అల్లాను. తగ్గించే చోట కూడా పేపర్లో ఊరికే రెండు కుట్లు కలపండి అని రాశారు, అలా చేస్తే అక్కడ చిన్న బుడిపె, పక్కన సందు వస్తాయి. రెండు కుట్లకీ ముందువైపు పోగులు మాత్రమే ఎత్తి కలిపితే తగ్గించినట్టే తెలీదు. దూది 24 కుట్ల వరసకి వచ్చినప్పుడే కూరడం మొదలెట్టాలి, 12కి వచ్చాక అయితే మూతి ఇరుకైపోయి అడుగు దాకా వేలు పోదు.

దూది ఒక బొమ్మకి సరిపోయింది. రెండోదానికి ఇంట్లో బూరుగు దూది ఉంది కదా అనుకున్నాం గానీ అది సన్నటి పీచు, సందుల్లోంచి బయటికొచ్చేస్తుంది, ఉతికితే ముద్ద కట్టేస్తుంది, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకి వద్దనుకుని పాత ఫైబర్ తలగడ విప్పి వాడాను. ప్లాస్టిక్ కళ్ళు మాత్రం నేను పెట్టలేదు, మీ ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే మీరూ పెట్టకండి, ఊడితే గొంతులో పడుతుంది, నల్ల దారంతో కుట్టేస్తే సరి.

ముచ్చిక విడిగా అల్లి అతికించాలి. పేపర్లో ఆరు రేకులు అని ఉంది, ఆకుపచ్చ దారం ఐదోదానికే అయిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది, 649 పెట్టి కొంటే రెండు గజాల దారం దగ్గర పిసినారితనమా అని. అత్తయ్యగారు లేచి వంటింట్లోకి వెళ్ళి బుట్టలోంచి గుత్తి వంకాయ తెచ్చి ముచ్చిక రేకులు లెక్కపెట్టారు, ఐదే ఉన్నాయి. "నిజం కాయకి లేని ఆరోది దీనికెందుకు" అని మొత్తం విప్పి 5, 10, 15 కుట్లతో మళ్ళీ అల్లి, రేకుకి మూడు కుట్లు చొప్పున ఐదు రేకులు తీశారు. ఒంటికి అతికించింది కూడా ఆవిడే, లేసులో అతుకుపని చేసే చెయ్యి కదా, కుట్టు ఎక్కడ పడిందో నేను వెతికినా దొరకలేదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్తా, రంగు దిగుతోంది. పాపకి ఇచ్చేముందు ఉతుకుదామని గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే నీళ్ళు అల్లనేరేడు రసంలా అయిపోయాయి, తెల్లగుడ్డలో చుట్టి పిండితే గుడ్డ మొత్తం మరక. మూడుసార్లు ఉతికినా దిగుతూనే ఉంది. పిల్లల బొమ్మ అని పెట్టె మీద పాప ఫొటో వేసి అమ్మేదాంట్లో ఇలాంటి దారం పెట్టడం చాలా తప్పు. అమ్మినవాళ్ళకి రాస్తే ఫొటోలు పంపమన్నారు, పంపాను, మూడు వారాలైంది, మళ్ళీ మాట లేదు. ఆ వంకాయని అద్దాల బీరువాలో పెట్టేశాను, పాప చేతికి ఇవ్వలేదు.

రెండోదానికి ఆ దారాల కొట్టులోనే కాటన్ దారం తీసుకున్నా, ఉండ 85 రూపాయలు, నేను కొనకముందే కొట్టాయన ఒక ముక్క తడిపి తెల్లకాగితం మీద రుద్ది చూపించారు, మరక పడలేదు. మీరు ఎక్కడ కొన్నా ఈ ఒక్క పరీక్ష చేసే కొనండి.

మొత్తం మీద అయిదుకి రెండున్నర ఇస్తాను, అది కూడా ఆ పేపర్లో లెక్కకి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు, చుట్టుపక్కల దారాల కొట్టు లేనివాళ్ళు కొనుక్కోవచ్చు గానీ సూది మార్చండి, పిల్లలకైతే దారం కూడా మార్చండి. మా జిల్లా వాళ్ళయితే కిట్ అక్కర్లేదు, 3 ఎంఎం సూది, రెండు ఉండల దారం కొనుక్కుని పైన నేను రాసిన లెక్కతో మొదలెట్టేయండి, పక్కింట్లో లేసు అల్లే పెద్దావిడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, కూర్చోబెట్టి అడగండి.

పాప ఇప్పుడు ఆ రెండో వంకాయని పక్కలో పెట్టుకునే పడుకుంటోంది. అత్తయ్యగారు నిన్న మధ్యాహ్నం పేపరు చూడకుండానే దొండకాయ ఒకటి అల్లేశారు, తెల్ల చారలు కూడా లేసు దారంతో వేశారు, ఇవాళ పొద్దున్నే ఆనపకాయకి ఎన్ని కుట్లు పెంచాలో లెక్క వెయ్యమని నన్ను అడుగుతున్నారు.