గ్లాస్టన్‌బరీలో టెంటు ముంచింది, బాంబులొద్దన్న గుడారం తేల్చింది

ఇంగ్లండ్‌లో జరిగే గ్లాస్టన్‌బరీ మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లాలనుకునే మనవాళ్లకి ముందే చెప్తున్నా: బయటి కంపెనీలు వేసి ఇచ్చే టెంట్ల జోలికి పోకండి. 2024 జూన్‌లో నేనూ మా బావమరిదీ వెళ్లాం. టికెట్ 355 పౌండ్లు, బుకింగ్ ఫీజు ఇంకో 5. మన డబ్బుల్లో 37 వేల పైమాటే. దానికి బాధ లేదు. బాధంతా టెంటుకి కట్టిన 520 పౌండ్ల గురించే.

మేముండే రెడింగ్ నుంచి ఫెస్టివల్‌కి దగ్గరి స్టేషన్ కాసిల్ కేరీకి నేరుగా రైలుంది, స్టేషన్ బయటే ఫెస్టివల్ వాళ్ల ఉచిత బస్సు. అక్కడిదాకా నల్లేరు మీద నడకే. టెంటు కంపెనీవాళ్లు ‘గేటుకి పది నిమిషాలు’ అని రాసిన చోటు నుంచి గేటుకి నలభై నిమిషాలు పట్టింది, అదీ చేతిలో సామాను లేకుండా. ఫొటోలో మంచాలున్నాయి, టెంటులో గాలి దిగిపోయిన పరుపులున్నాయి. షవర్‌కి గంట క్యూ, మా వంతొచ్చేసరికి చన్నీళ్లు. కౌంటర్‌లో అడిగితే ఆ అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా ‘ఈమెయిల్ పెట్టండి’ అన్నాడు. బావమరిది ఆ రాత్రి ముడుచుకున్న మొహం శనివారం కోల్డ్‌ప్లే బ్యాండ్ స్టేజీ ఎక్కేదాకా విప్పలేదు.

రోజూ ఆ నడకకి కాళ్లు పీకి, ఫెస్టివల్‌లోనే ఉన్న గ్రీన్ ఫీల్డ్స్ అనే భాగం వైపు నీడ వెతుక్కుంటూ వెళ్తే అణ్వాయుధాలు వద్దనే సీఎన్‌డీ అనే బ్రిటిష్ ఉద్యమ సంస్థ వాళ్ల గుడారం కనిపించింది. కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు, ఏదీ కొనమనలేదు. డెబ్బై దాటిన ఒకావిడ, టోపీ నిండా బ్యాడ్జీలు, కొన్నిటికి తుప్పు కూడా పట్టింది. ఏ ఊరంటే రెడింగ్ అన్నాం. ఆవిడ నవ్వి, మడతల దగ్గర చిరిగిన మ్యాపు పరిచి ఆల్డర్‌మాస్టన్, బర్గ్‌ఫీల్డ్‌ల మీద వేలు పెట్టింది. బ్రిటన్ అణుబాంబులు తయారయ్యేది అక్కడేనట. మా ఇంటి నుంచి కారులో అరగంట కూడా పట్టదు! 1958 ఈస్టర్‌కి లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్‌కి జనం నాలుగు రోజులు నడిచారు. ఇప్పుడు టీషర్టుల మీద కనిపించే శాంతి గుర్తు ఆ నడక కోసం గీసిందే.

మరి మీ ఇండియా సంగతేంటని అడిగింది. 1998లో పోఖ్రాన్ పరీక్షలప్పుడు మా వీధిలో టపాసులు కాల్చారని చెప్పాను. ‘ఇక్కడా గర్వపడేవాళ్లకి తక్కువేం లేదు’ అని ఊరుకుంది, క్లాసు పీకలేదు. 2017 నాటి అణ్వాయుధ నిషేధ ఒప్పందంలో అటు బ్రిటనూ లేదు, ఇటు మనమూ లేము. బ్రిటన్ చేరాలంటూ ఒక పిటిషన్ ముందు పెట్టారు. నేను సంతకం చేశాను. ‘వీసా రెన్యూవల్ ఉంది బావా’ అని మావాడు పెన్ను ముట్టుకోలేదు.

ఈ ఫెస్టివల్‌కి సీఎన్‌డీ బయటిది కాదు. 1981లో ఫెస్టివల్ మొదలుపెట్టిన రైతు మైకేల్ ఈవిస్ తన పొలంలో ఈ పండగని సీఎన్‌డీ కోసమే నడిపి, 20 వేల పౌండ్లు వాళ్లకి ఇచ్చాడు. ఆ ఏడాది కట్టిన ప్రధాన వేదిక, పిరమిడ్ స్టేజీ, అప్పట్లో చలికాలంలో పశువుల కొట్టంగా ఉండేది. శిఖరాన మాత్రం శాంతి గుర్తు.

మేం వెళ్లిన శుక్రవారం సాయంత్రం అదే పేరున్న స్టేజీ మీదికి కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ తెల్ల గౌనులో వచ్చింది. చేతులు చాస్తే గౌనే శాంతి గుర్తు! ఏడు నిమిషాలు మౌనంగా ఉండమంది. అంతమంది జనం నిజంగానే నోరు మూసుకున్నారు. పక్కవాడు బీరు డబ్బా తెరిస్తే బుస్సుమన్న చప్పుడు వినిపించింది. బావమరిది నాలుగో నిమిషంలో స్కోరు చూసుకున్నాడు. మౌనం బాగుంది గానీ డిజైనర్ గౌను కాస్త ఆడంబరం అనిపించింది. నా ఓటు తుప్పు బ్యాడ్జీల ఆవిడకే.

వెళ్లేవాళ్లు సొంత టెంటు పట్టుకెళ్లి లోపలే వేసుకోండి, టికెట్ ధరలోనే చోటిస్తారు. తిండికి 2024లో 6 పౌండ్ల ప్లేట్లు పెట్టిన స్టాళ్లుండేవి, అలాంటివి వెతుక్కోండి. నీళ్ల బాటిల్ మర్చిపోకండి, కుళాయిలు చాలా ఉన్నాయి.

టెంటు కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. డబ్బు వెనక్కి రాలేదు, వచ్చేసారికి పది శాతం తగ్గింపు కూపన్ వచ్చింది. ఎవరి మీదైనా కోపం ఉంటే చెప్పండి, వాళ్లకి పంపిద్దాం.