టెంప్ ఫైళ్లు తుడవడానికి ఏది మేలు: క్రాన్‌లో ఫైండా, సిస్టమ్‌డీనా, టెంప్‌ఎఫ్‌ఎస్సా?

లినక్స్ సర్వర్‌లో డిస్కు నిండిందని అలర్ట్ రాగానే చాలామందికి ముందు తట్టేది ఒకటే: ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్ రాసి, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టి, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ డైరెక్టరీలో పది రోజులు దాటినవన్నీ తీసేయమనడం. ఒక్క లైనుతో పనైపోతుంది. చిక్కల్లా ఆ పది రోజులు ఏ తేదీ నుంచి లెక్కేస్తారన్న దగ్గరే.

అందరూ రాసే ఎంటైమ్ షరతు, ఫైల్లోని డేటా చివరిసారి ఎప్పుడు మారిందో మాత్రమే చూస్తుంది. 2019 నాటి టార్ ఫైలును (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట) ఈ సాయంత్రం టెంప్‌లో విప్పారనుకోండి. టార్ పాత తేదీలనే ఉంచుతుంది కాబట్టి, రాత్రి క్రాన్ నడవగానే ఆ ఫైళ్లన్నీ గల్లంతు. మీ ఇన్‌స్టాలేషన్ సగంలో ఉన్నా దానికి పట్టదు. పైగా డిలీట్‌ను షరతుకన్నా ముందు రాశారో, కొత్తా పాతా చూడకుండా అన్నీ ఊడ్చేస్తుంది.

లినక్స్‌లో సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీతో పాటు వచ్చే శుభ్రం చేసే సాధనం సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ ఇక్కడే నెగ్గుతుంది. మామూలుగా అది ఎంటైమ్‌తో పాటు ఎటైమ్ (చివరిసారి చదివిన సమయం), సీటైమ్ (ఫైలు వివరాలు చివరిసారి మారిన సమయం) కూడా చూసి, మూడూ గడువు దాటితేనే ఫైలు జోలికి వెళ్తుంది. ఇందాకటి టార్ ఫైళ్లకు సీటైమ్ ఈ రోజుదే కనుక భయం లేదు. మనం ఎఫ్‌లాక్ (వాడుకలో ఉందని చెప్పే తాళం) వేసి ఉంచిన డైరెక్టరీని ముట్టుకోదు. సిస్టమ్‌డీతో వచ్చే గడువు టెంప్‌కు 10 రోజులు, రీబూట్ అయినా ఫైళ్లు ఉండే వార్ టెంప్‌కు 30 రోజులు. డిస్ట్రోలు (డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు) దీన్ని మార్చుకోవచ్చు. టైమర్ బూటయిన 15 నిమిషాలకు ఒకసారి, ఆపై రోజుకోసారి నడుస్తుంది. ఫలానాది వదిలేయమని చెప్పాలంటే కాన్ఫిగ్‌లో చిన్న ఎక్స్‌తో ఒక లైను చాలు.

అలాగని కళ్లు మూసుకుని నమ్మేది కాదు. 2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డీ 256వ వెర్షన్‌లో, టెంప్‌ఫైల్స్ కాన్ఫిగ్‌తో సృష్టించినవాటిని తీసేసే పర్జ్ ఆప్షన్ వాడినవాళ్లకు హోమ్ డైరెక్టరీయే ఎగిరిపోయే ప్రమాదం ఉండేది, 256.1లో సరిచేశారు. అదే 256లో వచ్చిన డ్రై-రన్ ఆప్షన్‌తో ఏవేవి పోతాయో ముందే చూసుకోవచ్చు.

టెంప్‌ఎఫ్‌ఎస్ అంటే టెంప్‌ను ర్యామ్‌లో పెట్టడం. ఫెడోరా 18 నుంచి, డెబియన్ 13 నుంచి డిఫాల్టుగా ఇదే. రోజూ షట్‌డౌన్ చేసే ల్యాప్‌టాప్‌కు ఇది హాయి. నెలల తరబడి రీబూట్ చేయని సర్వర్‌లో మాత్రం చెత్త ర్యామ్‌లో పేరుకుంటుందే తప్ప దానంతటది పోదు.

కాబట్టి సర్వర్‌కైతే నా ఓటు సిస్టమ్‌డీకే. సిస్టమ్‌డీ లేని ఆల్పైన్ లాంటి వాటిలో ఫైండ్ వాడక తప్పదు. అప్పుడు మూడు టైములూ షరతుగా పెట్టి, మామూలు ఫైళ్లకే పరిమితం చేసి, వేరే మౌంట్‌లోకి (అక్కడ తగిలించిన వేరే ఫైల్ సిస్టమ్‌లోకి) దూరకుండా ఎక్స్‌డెవ్ ఆప్షన్ తగిలించండి. డిలీట్ స్థానంలో ప్రింట్ పెట్టి, వచ్చిన లిస్టు ఓసారి చదివాకే క్రాన్‌లో ఎక్కించండి.